మెరుపుకీ మోతకీ మధ్య

బెక్‌సెంగ్ తాత తన జీవితంలో కొట్టనివాళ్లు ఇద్దరే. ఒకరు కన్నతల్లి, ఇంకొకరు కట్టుకున్న పెళ్లాం. తల్లిని గౌరవం కొద్దీ కొట్టలేదు, పెళ్లాన్ని ప్రాణభయం కొద్దీ కొట్టలేదు. మిగతా ఊరంతా ఏదో ఒక ఏడాది ఆయన బెత్తం కింద నుంచి నడిచి వెళ్లినదే. కిన్మెన్ దీవిలో చిన్నబడి సైన్సు మాస్టారుగా చేరింది మొదలు తల పండేదాకా ఆయన పిల్లలకు గాలి, నీరు, ధ్వని, వేడి అన్నీ అరచేతుల మీదే నేర్పాడు. వేడి గురించి వేరే చెప్పాల్సిన పని ఉండేది కాదు, అరచెయ్యే చెప్పేది.

ఇప్పుడు ఎనభై దాటాయి. బెత్తం పోయి ఊతకర్ర వచ్చింది గానీ చేతికి అలవాటు పోలేదు. పొద్దున్నే అచ్ఛున్ గంజికొట్టుకు వెళ్లి, గోడమీది టీవీకి ఎదురుగా కూర్చుని, వార్తల్లో ఎవడైనా సైన్సు తప్పు చెప్పాడంటే కర్రతో బల్లమీద ఒక్కటిస్తాడు. గిన్నెల్లో గంజి ఎగిరిపడుతుంది. ఆ కొట్టుకు అలవాటైనవాళ్లు కర్ర లేవగానే గిన్నెలు చేతుల్లోకి తీసుకుంటారు. కొత్తవాళ్లు చొక్కాలు ఉతుక్కుంటారు.

"మూడు మడతలు పడే ఫోను వచ్చిందట మాస్టారూ," అంది అచ్ఛున్, వేయించిన పిండి ముక్కలు తుంచి గంజిలో వేస్తూ. భర్త పోయాక ఆ కొట్టు ఆవిడే నడుపుతోంది. ఆవిడ కూడా తాత దెబ్బలు తిన్నదే, అందుకే ఆయన గంజిలో ఆల్చిప్పల మాంసం కాస్త తక్కువ వేస్తుంది.

"నా నడుమూ మడత పడుతోంది. దాన్ని ఎవడూ వార్తల్లో వెయ్యడే."

"డ్రైవరు లేని బస్సు మన దీవికి కూడా తెస్తారట."

"మంచిదే. డ్రైవరున్న బస్సు నన్ను చూసి ఆగదు. వాడు నా దగ్గర చదువుకున్నాడు. డ్రైవరు లేనిదానికి పాత పగలుండవు, ఆగుతుంది."

"పిల్లల ఇంటిలెక్కలు కంప్యూటరే చేసి పెడుతోందట కదా? ఇక మాస్టార్లతో పనేముంది?"

"లెక్క అది చెయ్యొచ్చు. తప్పు చేస్తే దాన్ని ఎక్కడ కొట్టాలి? అరచెయ్యేదీ దానికి?"

ఇలా సాగేది రోజూ. ఆ రోజు మాత్రం పక్క బల్ల దగ్గర తీగు ఉన్నాడు.

తీగు అంటే ఇనుపదున్న అని. అసలు పేరు వాళ్లక్కకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఆ అక్కే బెక్‌సెంగ్ తాత భార్య సొక్‌హా. కాబట్టి తీగు తాతకు బావమరిది, అంతకుముందు శిష్యుడు, ఈ రెండిటివల్లా ఆజన్మ శత్రువు. వృత్తి కమ్మరం. ఒకప్పటి యుద్ధంలో నీటికి అవతలి ఒడ్డు నుంచి శత్రువులు దీవిమీద కురిపించిన ఫిరంగిగుండ్ల ఇనుము కోసి, కాల్చి, సాగగొట్టి కూరగాయల కత్తులు చేస్తాడు. గుండ్లు కురిసి ఆగిపోయి ఎన్నేళ్లయినా ఆ ఇనుము ఇంకా దొరుకుతూనే ఉంది. అంత కురిసింది మరి. కొలిమి చప్పుడుకు అతని చెవులు సగం పోయాయి, అందుకని మామూలు మాట కూడా తగాదాలాగే మాట్లాడతాడు. ఎలాగూ మాట్లాడేది తగాదాయే కాబట్టి ఇబ్బంది లేదు.

టీవీలో అప్పుడే ఆ వార్త వచ్చింది. అవతలి ఒడ్డున ఒక కార్ఖానాలో మరచేతులు కత్తులు చేస్తున్నాయి. ఎర్రగా కాలిన ఇనుమును ఒక చెయ్యి తిప్పుతోంది, ఇంకో చెయ్యి కొడుతోంది. మనిషన్నవాడు లేడు. కింద అక్షరాల్లో 'కమ్మరి అక్కర్లేని కత్తి' అని వేశారు.

తీగు నోట్లో గంజి నోట్లోనే ఉండిపోయింది.

"చూశావట్రా తీగూ," అన్నాడు తాత తీరిగ్గా. "అది దగ్గదు. తాగదు. పది దెబ్బలు కొట్టి ఒకసారి వేలిమీద కొట్టుకుని అమ్మనాన్నల్ని తలుచుకోదు. బావను తిట్టదు. అదే నీ బదులు పుట్టి ఉంటే నా పెళ్లి ఎంత ప్రశాంతంగా జరిగేదో!"

తీగు గిన్నె విసిరాడు. తాత తల వంచాడు. గిన్నె వెళ్లి గోడకు తగిలి, గంజి వార్తలు చదివే అమ్మాయి ముఖం మీదుగా కారింది.

"గిన్నె పగిలితే ఇద్దరి వీపులూ పగులుతాయి!" అని అరిచింది అచ్ఛున్.

"ఆ మరకు గుండు కొయ్యడం వచ్చా?" అని గర్జించాడు తీగు. "తెచ్చిన రేకు కాల్చి కొట్టడం కాదు బావా. నిండు గుండు! నా కొలిమి వెనక ఒకటుంది, పొట్టేలంత. ఎవరూ కొయ్యనిది. ఈ రోజే కోస్తాను. ఫోనులో లోకమంతా చూస్తుంది."

లోకం ఎదురుబల్ల దగ్గరే కూర్చుని ఉంది. రాజధాని తైపేయి నుంచి వచ్చిన కుర్రాడు, జుట్టుకు నీలం రంగు, చేతికర్ర చివర ఫోను. పాతపనులు చేసేవాళ్లను చిత్రాలు తీసి జనానికి చూపించడం అతని పని. అతను అప్పటికే తీస్తున్నాడు. గిన్నె ఎగిరింది కూడా తీశాడు.

"తాతగారూ, గిన్నె ఇంకోసారి విసరగలరా? వెలుతురు చాల్లేదు," అన్నాడు తీగుతో.

---

తీగుకు ఇనుముమీద పగ ఎక్కడ పుట్టిందో ఊళ్లో అందరికీ తెలుసు. అతని చిన్నప్పుడు, అవతలివాళ్లు పెట్టుకున్న నియమం ప్రకారం, గుండ్లు బేసి తేదీల్లోనే వచ్చేవి. సరి తేదీన చేపలు పట్టుకోవచ్చు, పెళ్లిళ్లు చేసుకోవచ్చు, మనసారా పోట్లాడుకోవచ్చు. బేసి తేదీన పొద్దు వాలగానే నేలమాళిగలోకి దూరాలి. అప్పటికి మందుగుండ్ల కాలం దాటింది. వచ్చేవన్నీ కాగితాల గుండ్లు. అవతలివాళ్లు తమ గొప్పలు అచ్చువేసి, గుండులో కూరి పంపేవాళ్లు. అది ఆకాశంలో పగిలి కాగితాలు మెల్లగా కిందికి దిగేవి. కాగితాలు మెల్లగానే దిగేవి గానీ, ఖాళీ ఇనుపడొల్ల మెల్లగా దిగేది కాదు. అది ఎక్కడ పడితే అక్కడున్నది రెండు ముక్కలు. ఒక బేసి సాయంత్రం తీగు నాన్న ఈనబోతున్న పందిని వదల్లేక దొడ్లో ఉండిపోయాడు. డొల్ల కప్పు చీల్చుకుని వచ్చింది. మర్నాడు మనిషినీ పందినీ వేరుచేసి పూడ్చడానికి పెద్దలు చాలాసేపు కష్టపడ్డారు. పిల్లవాడు తీగు పక్కనే నిలబడి చూశాడు, ఎవరికీ అతణ్ణి పక్కకు తీసుకుపోవాలని తోచలేదు.

బెక్‌సెంగ్ మాస్టారు అప్పటికి కుర్రాడు, కొత్తగా చేరాడు. నేలమాళిగలో పిల్లలు ఏడవకుండా ఉండడానికి ఆయన పాఠం పెట్టాడు. వెలుగు ముందొస్తుంది, మోత వెనకొస్తుంది. మెరుపు కనబడగానే 'ఒక గుండు, రెండు గుండ్లు, మూడు గుండ్లు' అని నిదానంగా లెక్కపెట్టాలి. మోత వినబడేసరికి లెక్క పెద్దదైతే గుండు దూరంగా పగిలినట్టు, చిన్నదైతే నెత్తిమీదే. పిల్లలంతా కలిసి లెక్కపెట్టేవాళ్లు. మాస్టారు బెత్తంతో తాళం వేసేవాడు.

నాన్న పోయాక వచ్చిన మొదటి బేసి సాయంత్రం, అందరూ నాలుగు గుండ్ల దగ్గర ఆగితే తీగు ఎనిమిది దగ్గర ఆగాడు. మాస్టారు కొట్టాడు. మళ్లీ మెరిసింది. మళ్లీ ఎనిమిది. మళ్లీ కొట్టాడు. చెయ్యి వాచి బన్నులా అయింది గానీ తీగు లెక్క మారలేదు.

మర్నాడు తీగు అక్క సొక్‌హా జొన్నచేలో నుంచి నేరుగా కొడవలితో బడికి వచ్చింది. ఏమీ అడగలేదు. గుమ్మంలోనే ఒక్క విసురు విసిరింది. మాస్టారు ఎడమ చెవి కింది తమ్మె తెగి నల్లబల్ల దగ్గర పడింది. పిల్లలు లేచి నిలబడ్డారు, కొందరు చప్పట్లు కూడా కొట్టారట.

"వాడికి లెక్క రాక కాదు," అంది సొక్‌హా. "గుండు దూరంగా పడాలని వేగంగా పెడుతున్నాడు. నీ సైన్సులో ఆ మాట రాసి లేదా?"

"లెక్క లెక్కే," అన్నాడు మాస్టారు, చెవి పట్టుకుని, చొక్కా అంతా నెత్తురు చేసుకుని. "గుండుకు దయ లేదు. పాఠానికీ ఉండకూడదు."

ఆ తర్వాత కూడా తీగును కొడుతూనే ఉన్నాడు. కొన్నేళ్లకు సొక్‌హాను పెళ్లి చేసుకున్నాడు. తెగిన చెవితో పెళ్లికొడుకు, కొడవలి పట్టిన చేతితో పెళ్లికూతురు. పెళ్లిలో జొన్నసారా తాగి తీగు బావ కాలు కొరికాడు. ఈ రెండు గాట్లూ తాత ఇప్పటికీ కొత్తవాళ్లకు చూపిస్తాడు, సైన్యంలో తగిలాయని చెబుతాడు.

---

తీగు కొలిమి దగ్గరికి కొట్టులోని జనమంతా కదిలారు. తాత కూడా కదిలాడు, వెక్కిరించడానికి.

ఆ గుండు ఏళ్లుగా కొలిమి వెనక పడి ఉన్నదే. ఆల్చిప్పల మడిలో బురద తవ్వుతుంటే ఎవరికో దొరికితే తీగు తెచ్చుకున్నాడు. చిప్పలు అంటుకుని, తుప్పు పట్టి, ఏ చివర ఏదో తెలియకుండా ఉండేది. చాలా పెద్దది కావడంతో కోతకు బద్ధకించి పీట చేసుకున్నాడు. పొద్దున దానిమీద కూర్చునేవాడు, సాయంత్రం దానిమీదే వేరుశెనక్కాయలు సుత్తితో పగలగొట్టుకునేవాడు. ఇప్పుడు దాన్ని దొర్లించి వాకిట్లోకి తెచ్చి, ఇనుపబ్రష్షుతో చిప్పలన్నీ రుద్దేశాడు.

"మర దీన్ని చూస్తే పారిపోతుంది!" అని ఫోనుకేసి అరిచాడు.

తాత దగ్గరికొచ్చి, ఒక పెద్ద వెక్కిరింపు నోటిదాకా తెచ్చుకుని, అలవాటుగా కర్రతో గుండుమీద ఒక్కటిచ్చాడు.

'డప్' మంది.

వెక్కిరింపు నోట్లోనే ఆగిపోయింది. పక్కన గోడకు ఆనించిన పాత డొల్లను కొట్టాడు. అది 'టంగ్' మని గుడిగంటలా చాలాసేపు మోగింది. మళ్లీ పెద్దదాన్ని కొట్టాడు. డప్. ఖాళీ సొరకాయ బుర్రా, నిండు సొరకాయ బుర్రా తెచ్చి, ఈ పాఠం ఆయన తరగతి తర్వాత తరగతికి చెప్పాడు. వంగి చూశాడు. కాగితాల గుండైతే అడుగు ఊడిపోయి, లోపల డొల్లగా ఉండాలి. దీని అడుగు దీనికే ఉంది. ముక్కు కూడా ముక్కు చోటే ఉంది. ఇది కాగితాల కాలానిది కాదు, అంతకు ముందుది. యుద్ధం ముదిరిన ఏడాది ఎండాకాలం చివర పగలూ రాత్రీ కురిసిన మందుగుండ్లలో పేలకుండా బురదలో దిగబడింది.

"తీగూ," అన్నాడు. ఈసారి 'రా' లేదు. "దీన్ని ముట్టుకోకు. నిండుగా ఉంది."

"నిండుగానే ఉంది, బురదతో. మడిలో దొరికింది మరి, బురద కాక పాయసం ఉంటుందా?"

"బురదో మందో కోస్తే గాని తెలియదు. కోస్తే తెలుసుకోవడానికి నువ్వుండవు."

జనం నవ్వారు. నవ్వరా మరి! తాత ఇంతకుముందు ఇలాగే ఒక నీళ్లమోటారును బాంబని సైన్యానికి కబురు పెట్టాడు. ఆమధ్య పక్కింటి కోడలు కొన్న, దానంతటదే ఇల్లు ఊడ్చే గుండ్రటి యంత్రం గుమ్మం దాటి వీధిలోకి వస్తే, మందుపాతర నడిచి వస్తోందని కేకలు వేసి వీధివీధంతా సముద్రపొడ్డుకు తరిమాడు. సైనికులు వచ్చి దాన్ని ఎత్తి, అడుగున అంటుకున్న జుట్టు తీసి, కోడలికి అప్పజెప్పి వెళ్లారు.

"మాస్టారూ, ఇది ఊడుస్తుందా తుడుస్తుందా?" అన్నాడు ఎవడో.

"ఇన్నేళ్లూ దీనిమీద శెనక్కాయలు పగలగొట్టాను బావా! పేలేదైతే ఎప్పుడో పేలేది."

"శెనక్కాయ దెబ్బ వేరు, మంట వేరు. నువ్వు వేడి పాఠం రోజు బడి ఎగ్గొట్టావు."

"తాతగారూ," అన్నాడు నీలంజుట్టు కుర్రాడు, "ఆ 'నువ్వుండవు' అన్న మాట ఇంకోసారి కెమెరాకేసి చూసి చెప్పండి, చాలా బాగుంది."

తీగు ఇనుము కోసే గొట్టానికి గ్యాస్‌మంట వెలిగించాడు. నీలంగా, సన్నగా, పాములా బుసకొట్టింది. కళ్లకు నల్లద్దాలు దించుకుని గుండుమీదికి వంగాడు.

తాత కర్ర ఎత్తి బావమరిది నడినెత్తిన కొట్టాడు.

బల్లమీద కొట్టే దెబ్బ కాదు అది. చేతిలో ఉన్న బలమంతా పెట్టి, ఎముక చప్పుడయ్యేలా కొట్టాడు. నెత్తురు చివ్వున చిమ్మి నల్లద్దాలమీద పడింది. తీగు ఒక్క అరుపు అరిచి, మంట ఒకచేత్తో పట్టుకునే, ఇంకోచేత్తో సుత్తి అందుకుని విసిరాడు. అది తాత భుజాన్ని గీరుకుంటూ పోయి తలుపుచెక్కను చీల్చింది. తాత మళ్లీ కొట్టాడు. ఈసారి మోచేతిమీద. మంట పక్కకు తిరిగి తాత పైజామా కాలు అంటుకుంది. ఆయన కాలు విదిలిస్తూనే మూడోది కొట్టాడు. తీగు ఆయన మెడ పట్టుకుని గోడకేసి గుద్దాడు. తాతకు మిగిలిన పళ్లలో ఒకటి ఊడి నేలమీద పడింది. జనం 'పట్టుకోండి, పట్టుకోండి' అని అరిచారే గానీ, సుత్తులున్న చోటికి ఎవరూ రాలేదు. కుర్రాడు మాత్రం చాలా దగ్గరికి వచ్చి తీశాడు.

కర్ర విరిగింది. ఇక కొట్టడానికి ఏమీ లేక, తాత పోయి గుండుమీద కూర్చున్నాడు. గుర్రం ఎక్కినట్టు కాళ్లు రెండువైపులా వేసి, దాన్ని రెండుచేతులా వాటేసుకున్నాడు. పైజామాలోంచి ఇంకా పొగలొస్తున్నాయి.

"కోసుకో," అన్నాడు, నోట్లోంచి నెత్తురు ఉమ్ముతూ. "ముందు నన్ను కోసి తర్వాత దాన్ని కొయ్యి."

తీగు మంట పట్టుకుని ముందుకొచ్చాడు. ముఖంమీదుగా నెత్తురు కారుతోంది, కళ్లు కనబడడం లేదు. కోపంలో అతను ఏం చేసేవాడో అతనికే తెలియదు.

అప్పుడు మంట ఆరిపోయింది. వెనక సొక్‌హా గ్యాస్‌బండ దగ్గర నిలబడి ఉంది. ఒకచేతిలో గరిటె, ఇంకోచెయ్యి బండ వాల్వుమీద. అచ్ఛున్ పరుగెత్తి పిలుచుకొచ్చింది.

ముందు తమ్ముడి చెంప పగలగొట్టింది గరిటెతో. తర్వాత మొగుడి పైజామామీద నీళ్లు గుమ్మరించి, ఆయన చెంపా పగలగొట్టింది. తర్వాత గరిటెతో గుండును కొట్టి చెవి ఆనించింది. ఆ చెవికి ఇంకా బాగా వినబడుతుంది.

"తీగూ, నాన్నను ఏది చంపిందో చెప్పు."

"డొల్ల," అన్నాడు తీగు, చిన్నపిల్లవాడిలా.

"వట్టి డొల్లే అంత పని చేసింది. ఇది డొల్ల కాదు. ఈ ఇనుముకు మన ఇంటినుంచి ఒకణ్ణిచ్చాం, చాలు. రెండోవాణ్ణి ఇవ్వను."

అచ్ఛున్ చేతిలోని ఫోను లాక్కుని సైన్యం చావడికి తనే చేసింది. అవతల ఎవడో నవ్వాడు.

"మళ్లీ ఊడ్చే యంత్రమా నాయనమ్మా?"

"నీ పళ్లు ఊడ్చుకోవడానికి పనికొస్తుంది, రా," అని పెట్టేసింది.

---

వచ్చిన అధికారి మొదట నవ్వుముఖంతోనే దిగాడు. గుండు ముక్కు దగ్గర మోకాళ్లమీద కూర్చుని, ఏదో పరికరం ఆనించి, తుప్పు కాస్త గోకి చూశాక నవ్వు పోయింది. చేత్తోనే అందర్నీ వెనక్కి పొమ్మన్నాడు. తాతను మాత్రం మెల్లగా లేవమన్నాడు, చాలా మెల్లగా, పసిబిడ్డ పక్కలోంచి లేచినట్టు.

"బురదేనా?" అని అడిగాడు తీగు.

"మందు," అన్నాడు అధికారి. "నిండుగా. మీరు మంట పెట్టి ఉంటే ఈ వీధి ఉండేది కాదు."

నీలంజుట్టు కుర్రాడు గోడవారగా కూర్చుని వాంతి చేసుకున్నాడు. అది మాత్రం తీయలేదు.

గుండును ఇసుకపెట్టెలో పెట్టి, ఊరవతల ఖాళీ ఒడ్డుకు తీసుకుపోయి అక్కడే పేల్చేస్తామన్నారు. ఊరు మొత్తం గంజికొట్టు ముందున్న మిట్టమీదికి చేరింది. అచ్ఛున్ బల్లలు బయట వేసి అందరికీ గంజి పోసింది. తాతకు ఈసారి ఆల్చిప్పల మాంసం గరిటెడు ఎక్కువే పడింది. నమిలే పన్నే ఊడిపోయింది. తీగు తలకు అక్క చింపి కట్టిన గుడ్డ ఉంది, నెత్తురు ఇంకా ఊరుతోంది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు.

"టీవీలో వేశారు చూడు బావా, కమ్మరి అక్కర్లేని కత్తి అని," అన్నాడు తీగు కాసేపటికి. "కమ్మరి లేని కొలిమి అని కూడా వేసేవాళ్లు."

"వెయ్యరు. నువ్వు చచ్చినా మడత ఫోనే వేస్తారు."

దూరంగా ఒడ్డుమీద మెరిసింది.

"లెక్క!" అని అరిచాడు తాత.

ఎవరూ ఆలోచించలేదు. తల నెరిసినవాళ్లు, బట్టతలలవాళ్లు, తాతను చూస్తే ఆగని ఆ బస్సు డ్రైవరు, అచ్ఛున్, అందరూ గొంతెత్తి ఒక్క తాళంలో లెక్కపెట్టారు. ఒక గుండు. రెండు గుండ్లు. మూడు గుండ్లు. నాలుగు గుండ్లు. మోత వచ్చి గుండెలమీద గుద్దింది. బల్లలు అదిరాయి, కొట్టు కప్పునుంచి దుమ్ము రాలింది, గంజిలో అలలు లేచాయి. ఒడ్డున ఇసుక చెట్టంత ఎత్తు లేచి కూలింది.

ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో తీగు గొంతు ఒక్కటే మిగిలి వినబడింది. కళ్లు గట్టిగా మూసుకుని, బల్ల అంచు పట్టుకుని, ముసలి కమ్మరి, మోత వచ్చేసరికి తన వేగంలో తను చేరిన అంకె పైకి చెప్పాడు.

"...ఎనిమిది."

అందరూ తాతకేసి తిరిగారు. కర్ర విరిగిపోయిందని మరిచి, విరిగిన ముక్కనే ఎత్తాడు తాత. అలవాటైనవాళ్లంతా గిన్నెలు చేతుల్లోకి తీసుకున్నారు.

చెయ్యి అలాగే కాసేపు గాలిలో ఉండిపోయింది. సొక్‌హా గరిటె సర్దుకుంది. తాత తెగిన చెవి తమ్మెను ఒకసారి తడుముకున్నాడు. తర్వాత కర్రముక్కను మెల్లగా బల్లమీద పెట్టి, తన గిన్నెలోని మాంసమంతా బావమరిది గిన్నెలోకి వంపాడు.

"ఎనిమిదే వేసుకోరా," అన్నాడు. "దూరంగానే పడింది."